ఊరు ఎటు పెరగాలో అభ్యర్థి చెప్పాలి

2023 జనవరి 20న కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమైంది. పట్టణం కోసం తయారుచేయించిన కొత్త మాస్టర్‌ప్లాన్ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అప్పటికి రైతులు వారాల తరబడి రోడ్ల మీద ఉన్నారు. అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. జనవరి 5న కలెక్టరేట్ ముట్టడి, మర్నాడు పట్టణ బంద్, ఆపైన హైకోర్టులో పిటిషన్. ఇంత జరిగాక గానీ కౌన్సిల్ దిగిరాలేదు. అదే నెలలో జగిత్యాలలోనూ మాస్టర్‌ప్లాన్ మీద జనం ఆందోళనకు దిగారు, అక్కడి కౌన్సిల్ కూడా తన ముసాయిదాను వెనక్కి తీసుకుంది.

రైతుల గోడు సూటిగానే ఉంది. పంటలు పండే పొలాలను ముసాయిదాలో ఇండస్ట్రియల్ జోన్‌గా చూపారు. జోన్ మారినంత మాత్రాన భూమిని ఎవరూ లాక్కోరని, ఇది ముసాయిదానేనని అధికారులు నచ్చజెప్పబోయారు. అది సగం నిజమే. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కానీ ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డ పొలంలో ఇల్లు కట్టుకుందామంటే అనుమతి దొరకడం కష్టం. బిడ్డ పెళ్లికి నాలుగు గుంటలు అమ్ముదామంటే అడిగేవాడు ఉండడు. గట్టు అవతల రెసిడెన్షియల్ జోన్‌లో ఉన్న పొలం మాత్రం గజాల లెక్కన పోతుంది. రెండు పొలాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మ్యాప్ మీద రంగు మారితే చాలు, ఒక ఇంటి ఆస్తి కరిగి మరో ఇంటి ఆస్తి పెరుగుతుంది.

ఇంత బరువైన నిర్ణయాన్ని చేతిలో పెట్టుకున్న ఆ కౌన్సిలర్లు 2020 జనవరిలో గెలిచినవారు. అప్పుడు తెలంగాణలో 120 మున్సిపాలిటీలకు, 9 కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగాయి. ఆనాటి కరపత్రాలు ఏ ఊళ్లోవి తీసినా ఇంచుమించు ఒకేలా ఉంటాయి: సీసీ రోడ్డు, మోరీ, వీధిలైటు, నల్లా కనెక్షన్, కోతుల బెడద, కమ్యూనిటీ హాలు. వాటిలో తప్పేమీ లేదు. మోరీ పొంగితే ఇంట్లోకి వచ్చేది మురుగే, దాని గురించి అడగడం ఓటరు హక్కు. కానీ ఊరు ఎటువైపు పెరగాలి, ఏ చెరువు కింద ఇళ్లు రాకూడదు, విలీనమైన పల్లెల్లో పొలాలు పొలాలుగా ఉండాలా వద్దా అన్న మాట ఎంతమంది అభ్యర్థుల నోట వచ్చింది? కామారెడ్డి 2016లో జిల్లా కేంద్రమైంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే పోతుంది, చుట్టుపక్కల పల్లెలు పట్టణంలో కలిశాయి. అలాంటి ఊళ్లో వార్డు ఎన్నికల్లో చర్చకు రావాల్సిన మొదటి విషయం భూమి. అప్పుడు చర్చకు రాలేదు కనుకే మూడేళ్ల తర్వాత రోడ్డెక్కింది.

ఇక్కడ ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. రైతుల పోరాటం న్యాయమైనదే, ఆ ముసాయిదా పోవాల్సిందే. అయితే ప్లాన్ రద్దయినంత మాత్రాన ఊరు పెరగడం ఆగదు. ప్లాన్ లేనిచోట వెంచర్లు వేసేవాడే ప్లాన్ గీస్తాడు. అలా గీసిన వాటి లెక్క ఎంతో ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే తెలంగాణలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అనుమతి తీసుకున్న లేఅవుట్‌లో పది శాతం స్థలాన్ని పార్కుకో ఆటస్థలానికో వదిలి, గిఫ్ట్ డీడ్ చేసి మున్సిపాలిటీకి అప్పగించాలి. రోడ్లు, మోరీలు, కరెంటు స్తంభాలు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లను తాకట్టులో ఉంచాలి. అనుమతి లేని వెంచర్‌లో ఇవేవీ ఉండవు. వదలని ఆ ఖాళీస్థలానికి బదులుగా క్రమబద్ధీకరణలో ప్లాటు విలువ మీద 14 శాతం కట్టించుకునే నిబంధన పెట్టారు. ఆ డబ్బు కట్టేదెవరు? పిల్లల చదువుకు పనికొస్తుందని నూట యాభై గజాలు కొన్న టీచరు, గల్ఫ్ నుంచి డబ్బు పంపి ప్లాటు కొన్న కార్మికుడు. వెంచర్ వేసినవాడు అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. ఖజానాకు సొమ్ము చేరుతుంది గానీ ఆ కాలనీలో పిల్లలు ఆడుకునే జాగా మళ్లీ పుట్టదు.

చెరువుల సంగతి ఇంతకన్నా ఘోరం. పెద్ద నగరాల్లో చెరువు పూడితే వార్త అవుతుంది, హైదరాబాద్‌లో హైడ్రా లాంటి సంస్థ ఉంది. చిన్న పట్టణాల్లో అడిగే నాథుడు లేడు. నిబంధనలు అక్కడా ఉన్నాయి. పది హెక్టార్లు దాటిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదలాలి. కానీ ఆ గీత ఎక్కడుందో చూపే రాళ్లు ఎన్ని చెరువుల చుట్టూ నాటారు? గీత కనబడకపోతే శిఖం భూమిలో ముందు మట్టి పడుతుంది, తర్వాత ప్రహరీ లేస్తుంది, ఆ తర్వాత ఇంటి నంబరు వస్తుంది. ఇంటి నంబరు ఇచ్చేది, పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీయే. అలుగు నీళ్లు పోయే నాలా మీద స్లాబు వేసి దుకాణాలు కడితే, ఆ వీధిలోని ప్రతి మనిషికీ తెలుస్తుంది, వార్డు కౌన్సిలర్‌కు ఇంకా ముందే తెలుస్తుంది.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కుంభవృష్టి కురిసింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు మునిగాయి. అంత వాన ఏ పట్టణమైనా తట్టుకోవడం కష్టమే, ఆ నేరమంతా ప్లాన్ మీద వేయడం సరికాదు. కానీ వచ్చిన నీరు ఎటు పోవాలన్నది వాన చేతిలో లేదు. దానికి దారి వదిలామా లేదా అన్నది మనుషులు తీసుకున్న నిర్ణయం. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు ఏరులైనప్పుడు కూడా ఈ ప్రశ్నే లేచింది, నీళ్లు తగ్గగానే అదీ తగ్గిపోయింది.

ఇదంతా అడిగితే అభ్యర్థుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘మా చేతిలో ఏముంది, అంతా కలెక్టర్లు, టౌన్‌ప్లానింగ్ అధికారులే చూస్తారు’. అందులో కొంత నిజముంది. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను పట్టణ సంస్థల కోసం పేర్కొంది. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళికే. రాష్ట్రాలు మాత్రం ఆ అధికారాన్ని మనస్ఫూర్తిగా వదులుకోలేదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం కలెక్టర్ల పట్టును ఇంకా బిగించింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్‌ను బాధ్యుణ్ని చేసింది, బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలంది. మొక్క చచ్చిపోతే జవాబు చెప్పాల్సిన కౌన్సిలర్, వార్డులోని కుంట చచ్చిపోతే చెప్పనక్కర్లేదా?

పైగా అధికారం లేదన్న మాట కామారెడ్డిలోనే తేలిపోయింది. రైతులు ఒత్తిడి పెట్టింది కౌన్సిలర్ల మీద. విలీన గ్రామాల వార్డుల నుంచి గెలిచినవాళ్లు రాజీనామా చేయాలన్నారు. చివరికి రద్దు తీర్మానం చేసింది కౌన్సిలే. జనం ఒత్తిడికి రద్దు చేయగలిగిన సభ, ముసాయిదా బయటికి రాకముందే వార్డు వార్డునా మ్యాప్ గోడకంటించి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడగలిగేది. అదే 2019 చట్టంలో ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలని రాసి ఉంది. ఆ కమిటీల ముందు ఒక్క మాస్టర్‌ప్లాన్ మ్యాపైనా పరిచిన వార్డు ఎక్కడుందో గెలిచినవారే చెప్పాలి.

భూమి గురించి మాట్లాడితే ఓట్లు పోతాయన్న భయం అభ్యర్థులకు ఉంది. కామారెడ్డి చూపించింది దీనికి పూర్తిగా విరుద్ధం. 2023 డిసెంబరు అసెంబ్లీ ఫలితాల్లో అక్కడ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి ఇద్దరూ ఓడిపోయారు. గెలిచిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి స్థానికుడు, మాస్టర్‌ప్లాన్ ఆందోళనలో రైతుల పక్షాన నిలబడినవాడు. ఆ గెలుపుకు ఇతర కారణాలూ ఉంటాయి. అయినా తమ పొలం గురించి ఎవరు మాట్లాడారో ఓటరు గుర్తుపెట్టుకున్నాడు.

2020లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరితో తీరింది, మున్సిపాలిటీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఎన్నికైనవారు లేని కాలంలో కూడా ఊరు పెరుగుతూనే ఉంటుంది, వెంచర్లు పడుతూనే ఉంటాయి. అందుకే కౌన్సిల్‌లోకి ఎవరు వెళ్లినా మొదటి సమావేశంలోనే చెరువుల సరిహద్దులు, లేఅవుట్లలో మున్సిపాలిటీకి దక్కాల్సిన ఖాళీస్థలాల జాబితా బల్ల మీద పెట్టించాలి.

వార్డు ఎన్నిక వచ్చినప్పుడు ఓటరు చేయగలిగిన పని ఒకటుంది. నామినేషన్‌తో పాటు అభ్యర్థి తన ఆస్తుల వివరాలు కూడా ఇస్తాడు. ఆ భూములు ఎక్కడున్నాయో చూడండి. పట్టణం ఏ దిక్కున పెరగాలని ఆయన చెబుతున్నాడో, ఆ దిక్కున ఆయన భూమి ఎంతుందో పక్కపక్కన పెట్టి చదవండి. ఇంటికి వచ్చినప్పుడు మోరీ గురించి తప్పకుండా అడగండి, ఆ మోరీ నీళ్లు చివరికి ఏ చెరువులోకి పోతాయో కూడా అడగండి. జవాబు తెలియని అభ్యర్థికి ఓటు వేయకండి.