ర్యాంకు అడిగే చోట జట్టు ఎవరు కట్టాలి?



దివిసీమ మాలపల్లి నుంచి మన పిల్ల బెజవాడ కాలేజీలో చేరుద్ది. హాస్టల్లో మొదటి ప్రశ్న: "ర్యాంకెంత?" అది కులం అడగటమే. ఇక ఎవరి జట్టు వాళ్లది. నేనూ అట్లా చదివినోణ్ణే. మొదటి ఏడంతా నోట్సు అడగటానికి మనిషి లేడు.

2016 జనవరిలో, రోహిత్ వేముల చనిపోయేముందు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు తమ గుడారానికి పెట్టుకున్న పేరు 'వెలివాడ'.

కొత్తగా చేరినోళ్లను చిన్న జట్లుగా చేసి, జట్టుకో అధ్యాపకుణ్ణి పెట్టమని 2019లో యూజీసీ 'దీక్షారంభ్' పేరుతో చెప్పింది. మంచిదే. కానీ ర్యాంకుల వరసన కడితే అవీ వాడలే! అన్ని పేటల పిల్లల్నీ కలిపి, ఒకే పని ఇవ్వాలి. కాలవ నీళ్ల మీద చదువైతే, శివారు పొలం సంగతి మన పిల్లనే అడగాలి గదా!

పిల్లను దించొచ్చే రోజున ప్రిన్సిపాల్ని అడగండి: "జట్లు ఎవరు కట్టారు? మా పిల్ల ఎవరితో ఉంది?"