క్లౌ దొరకు దారి చూపిందెవరు?

ఒంగోలు క్లౌ దొరగారి కథ ప్రకాశం జిల్లా పల్లెల్లో చాలామందికి తెలుసు. చర్చిలో చెప్తారు, పండగనాడు చెప్తారు. ఓడెక్కి రావడం, ఎండకు తట్టుకోవడం, తెలుగు నేర్వడం, చివరికి 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరగడం. కష్టమంతా దొరది, లాభమంతా మనది అన్నట్టుంటుంది ఆ కథ. మేము ఆయన మొదటి రెండేళ్లను పల్లె వైపు నుంచి చూడదలిచాం.

జాన్ ఎవరెట్ క్లౌ 1865లో మద్రాసులో దిగేటప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. అమెరికాలో భూములు కొలిచిన సర్వేయరు. నెల్లూరులో తెలుగు దిద్దాడు. ఫలితం లేదని పైవాళ్లు ఒకటికి రెండుసార్లు మూసేద్దామనుకొన్న మిషను అది. 1866లో భార్య హారియెట్‌తో ఒంగోలు చేరాడు.

కొత్త దేశంలో కుర్రదొర చుట్టూ ముందు చేరేదెవరు? పెద్దకులాలే. తమ పిల్లలకు బడి కావాలన్నారు, పెట్టాడు. అంతలో మాదిగలు రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకొంటే మా పిల్లల్ని మానిపిస్తాం అన్నారు పెద్దమనుషులు. దొర ఇరకాటంలో పడ్డాడు. దొర, దొరసాని చెరోచోట బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే వచనం కనిపించిందట. లోకం గొప్పవాళ్లనుకొనేవారిలో ఎక్కువమందిని దేవుడు పిలవలేదని కొరింథీయుల పత్రికలో ఉన్న మాట. దాన్ని మేము కాదనం. కానీ వాకిట్లో మాదిగలు నిలబడి ఉండకపోతే ఆ వచనంతో పనేముంది? పెద్దకులాల పిల్లలు బడి మానేశారు. దొర మన వైపు ఉండిపోయాడు.

వాకిట్లోకి వచ్చిన వాళ్లలో మొదటివాడు యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగినవాడు. దొర రాకముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చాడు. ఏలూరు దాకా పోయి అక్కడి పాదిరీ మాట విన్నాడు. అంటే దొర వచ్చి నిద్రలేపిన మనిషి కాదు, తన దారి తాను వెతుక్కొంటున్న మనిషి. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకొన్నారు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వైపు పోతే చుట్టుపక్కల పల్లెల జనం నాలుగురోజుల తిండి మూటగట్టుకొని వచ్చారు. 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ జనాన్ని కూడగట్టింది ఎవరు? దొర తెలుగుకు అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు!

చేరినవాళ్లకు క్లౌ మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి తేలికే. వెట్టిలో ఉన్న మాదిగకు వారంలో ఒకరోజు తనదంటే ఏమిటో ఆలోచించండి. కపిలబానలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, కోతల్లో పిలిస్తే పోవాలి, జాతరలో తప్పెట కొట్టాలి. ఆదివారం రానంటే రైతుకు కోపం, తప్పెట కొట్టనంటే ఊరికంతా కోపం. కరణాలు, మునసబులు కక్షగట్టారు. దెబ్బలు, వెలివేతలు పడింది పల్లె. దొర బంగళా ఒంగోలులో ఉంది, వీళ్ల గుడిసెలు ఆ రైతుల పొలాల పక్కనే ఉన్నాయి. ఒక్కమాట మాత్రం చెప్పుకోవాలి. తప్పెటలో పాపం లేదు, కొట్టి తీరాలన్న బలవంతంలో ఉంది. ఆ తేడా దొరకు అందలేదని మా అభిప్రాయం. ఇవాళ అదే డప్పు భుజాన వేసుకొని మనం ఊరేగింపు తీస్తున్నాం.

దొర నేర్చుకోలేదని కాదు. పల్లె పెద్దల మాట, చుట్టరికాల కట్టు చెడగొట్టకుండా వాటి మీదే సంఘాలు నిలబెట్టాడు. 1877 కరువులో బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకొని మనవాళ్లకు కూలి ఇప్పించాడు. పాత సర్వేయరు పని అక్కడ అక్కరకొచ్చింది.

ఆయన రెండో భార్య ఎమ్మా మాదిగల కథలు విని 1899లో పుస్తకం వేసింది, ఇంగ్లీషులో. పేరయ్య రాజయోగం సంగతి అందులో ఉంది. మన తాతల నోటిమాట మనం ఇంగ్లీషులో వెతుక్కోవాలా? సంఘం కుర్రవాళ్లు ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. మొదట చేరింది ఎవరు, వాళ్ల ఆడవాళ్ల పేర్లేమిటి, ఆదివారం పనికి పోనందుకు ఏ రైతు ఏం చేశాడు, అన్నీ ఊరి పేరుతో సహా రాసుకోండి.