తెర చూసి బండి కొంటే

కరీంనగర్‌లో ఏ కార్ల కన్సల్టెన్సీకి వెళ్లినా తంతు ఒకటే. కుర్రాడు డోరు తీసి తాళం తిప్పుతాడు. ఇంజిన్ చప్పుడు సరిగా చెవిన పడకముందే డ్యాష్‌బోర్డు మీద తెర వెలుగుతుంది. ‘‘నావిగేషన్ ఉంది సార్, సింగిల్ హ్యాండ్, డాక్టర్ గారి బండి’’ అంటాడు. కొనేవాడి చూపు ఇక ఆ తెర మీదే. టైర్లూ, కాగితాలూ వెనకబడతాయి.

అలాంటి ఒక పాత బండిలో ఈమధ్య మేం ‘హోమ్’ మీట నొక్కి చూశాం. హైదరాబాద్‌లో ఎవరిదో ఇంటి గేటు దాకా దారి చూపించింది. పాత యజమాని ఫోన్ నంబర్ల జాబితా కూడా చెక్కుచెదరకుండా ఉంది. అమ్మినవారు తుడవలేదు, అమ్మించినవారికి పట్టలేదు. పటమైతే మరీ పాతది. అందులో సిరిసిల్ల ఇంకా కరీంనగర్ జిల్లాలోనే ఉంది. అంటే 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు రాకముందు గీసింది. జిల్లా పేరు తప్పయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన కొదురుపాక, చింతల్‌ఠాణా కూడా ఆ పటంలో దారులతో సహా పొడిగానే ఉన్నాయి.

ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు పంపేవి గడియారపు వేళ, తామున్న చోటు తెలిపే సంకేతాలు. వాటిని బట్టి బండి ఎక్కడుందో కారులోని యంత్రం లెక్క కడుతుంది. ఆ చోట రోడ్డుందా, నీళ్లున్నాయా అన్నది ఉపగ్రహానికి తెలియదు, కారు మెమరీ కార్డులో దాచిన పటమే చెప్పాలి. బాణం గుర్తు నిక్కచ్చిగా కదులుతుంటే, దాని కింద గీసిన దారి కూడా నిజమేనని మనిషి నమ్మేస్తాడు. ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఎప్పటికప్పుడు సవరించే ఫోన్ పటాలే దారి తప్పించిన సందర్భాలున్నాయి. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని హుస్నాబాద్ దగ్గర, గౌరవెల్లి జలాశయంలో మునిగిన పాత రోడ్డును ఫోన్ ఇంకా దారిగానే చూపింది. చీకట్లో ఒక లారీ నేరుగా నీళ్లలోకి దిగింది. అదృష్టం బాగుండి ప్రాణాలు దక్కాయి. 2023 అక్టోబరులో కేరళలో ఇద్దరు యువ వైద్యులకు ఆ అదృష్టం లేదు. వానరాత్రి వారి కారు పెరియార్ నదిలో పడింది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర సగంలో తెగిపోయిన వంతెన మీద నుంచి రామగంగలోకి పడి ముగ్గురు పోయారు. తాజా పటాలతోనే ఇలా ఉంటే, పదేళ్ల కిందటి కార్డు మాటేమిటి?

ఆదిలాబాద్ వైపు ఇది ఇంకా గడ్డు సమస్య. ఉట్నూరు దాటి నార్నూరు వైపో, తిర్యాణి అడవిలోకో వెళ్తే ఫోన్‌కు సిగ్నల్ అందని చోట్లుంటాయి. కారులోని తెరకు ఆ బాధ లేదు, హాయిగా పనిచేస్తూనే ఉంటుంది. ఫోన్ చేతులెత్తేసిన చోటే జనం ఆ తెరను గట్టిగా పట్టుకుంటారు. 2022, 2023 జులైల్లో కడెం ప్రాజెక్టు గేట్ల పైనుంచే నీళ్లు పొర్లిన ప్రాంతమిది. పొద్దున బండి దాటిన లోలెవల్ కల్వర్టు సాయంత్రానికి వాగులో కలిసిపోతుంది. అడుగు, అడుగున్నర లోతున జోరుగా పారే నీరు చాలు, చిన్న కారును పక్కకు తోసేయడానికి.

ఇక కాగితాలు. బండి చేతులు మారాక అమ్మినవారు అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రంలోనైతే 45 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. కొన్నవారికి గడువు 30 రోజులు. మన దగ్గర జరిగేదేమిటి? సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఏజెంటు బ్యాగులో నెలల తరబడి తిరుగుతాయి. ప్రమాదం జరిగిననాడు ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంహెచ్-34, ఎంహెచ్-29 నంబర్లతో చంద్రపూర్, యవత్మాల్ నుంచి ఆదిలాబాద్‌కు వచ్చే బండ్లకు ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్కలు వేరే ఉంటాయి. చౌకగా వచ్చిందనుకున్న బండి చౌక అవునో కాదో ఆ లెక్క తేలాకే తెలుస్తుంది. పాత కార్ల డీలర్లు అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధన అమల్లోకి తెచ్చింది. మీ కన్సల్టెన్సీలో ఆ పత్రం గోడకు వేలాడుతోందా? అడిగి చూడండి.

బేరం మాట్లాడేముందు సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద మరక కనబడితే ఆ బండి ఏ వరదలోనో మునిగి తేలిందనే అర్థం. పాత యజమాని ఫోన్‌తో కంపెనీ యాప్ ఇంకా ముడిపడి ఉంటే, మీ కారు ఎక్కడుందో ఆయన కూర్చున్న చోటి నుంచే చూడగలడు. ఆ ముడి తెంపించి, రెండు తాళాలూ చేతికొచ్చాకే డబ్బివ్వండి.

కొనేవారి జాగ్రత్తతోనే అంతా అయిపోదు. రోడ్డును నీట ముంచిన నీటిపారుదల శాఖ, వంతెనను సగంలో వదిలేసిన ఆర్‌అండ్‌బీ ఆ దారులకు అడ్డుగోడ కట్టాలి, మూసిన సంగతి పటాల కంపెనీలకూ రాసి పంపాలి. బరేలీలో ముగ్గురు పోయాకే ఇంజినీర్ల మీద కేసు పెట్టారు. మన పల్లెల్లో వాగు పొంగిన రోజు కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప లాగి పడేస్తారు. అధికారుల బోర్డు వచ్చేదాకా, తెర మీద బాణం ముందుకే పొమ్మంటున్నా సరే, ఆ కంప దగ్గర బండి ఆపండి.