కోతల నెలలోనే పరీక్షలా?

ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం డైరెక్టర్ గారికి,

బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు పద్నాలుగేళ్లు నిండితే మీ ఓపెన్ టెన్త్ రాయొచ్చు. ఆపైన ఓపెన్ ఇంటర్ గట్టెక్కితే డిగ్రీలో చేరొచ్చు. ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు చేలల్లో కూలికెళ్లే ఆడపిల్లలకు కాలేజీకి మిగిలిన దారి దాదాపు ఇదొక్కటే. ఒకప్పుడు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ లేనివాళ్లకూ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేది. ఇప్పుడా వాకిలి మూసుకుంది.

2025లో మీ పరీక్షలు మార్చిలో జరిగాయి. ఇక్కడ మిర్చి కోతలు ముమ్మరంగా సాగేదీ అప్పుడే. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో వలసొచ్చేదీ ఆ కోతలకే. పరీక్షకెళితే కూలి పోతుంది, కోతకెళితే పరీక్ష పోతుంది. అప్పున్న ఇంట్లో ఏది వదులుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు. సప్లిమెంటరీ ఉంది కదా అనకండి. పేద పిల్లకు మొదటి అవకాశమే అందాలి.

ప్రధాన పరీక్షలను కోతలయ్యాక, మే నెలలో పెట్టండి. ఎండలంటారా, వాళ్లు మిర్చి కోసేదీ ఎండలోనే. వలస వచ్చిన పిల్లలు ఏ ఊళ్లో పనిచేస్తుంటే ఆ ఊరికి దగ్గరి కేంద్రంలోనే రాసే వీలు కల్పించండి. వచ్చే షెడ్యూలు ఖరారు చేసేముందు ఒక్కసారి ఈ చేలగట్ల మీదికొచ్చి ఆ పిల్లలనే అడగండి.