ఆపిల్ పండు, దేవదూత, సమాధానము



చైనాలో క్రిస్మస్ ముందు రాత్రి యువతీ యువకులు ఒకరికొకరు ఆపిల్ పండు ఇచ్చుకుంటారు. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి షాపుల్లో అమ్ముతారు. క్రీస్తు జనన వృత్తాంతంలో లేని ఈ పండు పండుగలోకి ఎలా వచ్చింది? వాళ్ల భాషలో ఆ రాత్రి పేరు 'పింగ్ ఆన్ యె', అంటే సమాధానపు రాత్రి. ఆపిల్‌ను 'పింగ్ గువో' అంటారు. మాట కలిసింది గనుక పండూ కలిసింది. చాలామందికి క్రిస్మస్ అంటే దీపాలు, క్రిస్మస్ తాత, స్నేహితులతో ఒక సాయంత్రం, అంతే.

ఇది చదివి మనం నవ్వవచ్చా? నవ్వకూడదని మా అభిప్రాయం. ఏథెన్సులో తెలియబడని దేవుని బలిపీఠాన్ని చూసి పౌలు ఎగతాళి చేయలేదు, అక్కడినుండే సువార్త మొదలుపెట్టాడు. సమాధానం కావాలని పండు ఇచ్చుకునేవారికి ఆ సమాధానం ఎవరో చెప్పవలసి ఉంది.

దేవదూతను చైనావారు 'థియెన్ షి' అంటారు. పరలోకపు దూత అని అర్థం. నర్సులను 'తెల్లబట్టల దేవదూతలు' అని పిలుస్తారు. హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయము దూతలను పరిచారకులని చెప్పింది గనుక ఆ పిలుపు మనకూ అర్థమవుతుంది.

అయితే వారి పాత నమ్మకంలో మరో దూత ఉన్నాడు. వంటింటి దేవుడు. కొత్త సంవత్సరానికి సుమారు వారం ముందు ఆయన పైకి వెళ్లి, ఆ ఇంటివారు ఏడాదంతా చేసిన మంచి చెడ్డలు చెబుతాడట. అందుకే ఆయన పటానికి నోటి దగ్గర తేనె గాని తీపి గాని పూస్తారు, తియ్యగా మాట్లాడాలని!

ప్రియులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ దూత మన లెక్క పట్టుకొని కిందనుండి పైకి వెళ్తాడు. లూకా 2వ అధ్యాయములో దూత రక్షకుని వార్త తీసుకొని పైనుండి కిందికి వచ్చాడు. గొర్రెల కాపరులు ఆయన నోటికి ఏ తీపీ పూయలేదు. మన కానుకలు, ఉపవాసాలు కూడా ఒక్కోసారి దేవుని నోటికి తేనె పూసినట్టే ఉంటాయి. కృపకు ఆ తేనె అక్కరలేదు.

క్రిస్మస్ పాశ్చాత్యుల పండుగ అని అక్కడా విమర్శ ఉంది, మన ఊళ్లలోనూ ఉంది. కాని షియాన్ నగరంలో 781వ సంవత్సరపు శిలాశాసనం ఒకటి నేటికీ నిలిచి ఉంది. కన్యకు పరిశుద్ధుడు పుట్టిన సంగతి, నక్షత్రం సంగతి దానిమీద చైనా అక్షరాల్లో చెక్కారు. 635లోనే అక్కడికి సువార్త చేరిందని కూడా అది చెబుతుంది.

ఆ సువార్తకు ఈనాటికీ వెల చెల్లిస్తున్నవారు ఉన్నారు. చెంగ్డూ నగరంలో పాస్టర్ వాంగ్ యీని 2018 డిసెంబరులో నిర్బంధించి, మరుసటి డిసెంబరులో తొమ్మిదేళ్ల జైలు శిక్ష వేశారు. మనం ఏ భయమూ లేకుండా ఇంటిమీద స్టారు కట్టుకుంటున్నాం. ఆ స్టారు ఎందుకని పక్కింటివారు అడిగితే చెప్పగలమా? చెప్పలేకపోతే మన స్టారుకూ వారి ఆపిల్‌కూ తేడా ఏముంది?

మన భాషలో సమాధానము అంటే శాంతి, జవాబు కూడా. ఆ రెండూ క్రీస్తే. ఈ క్రిస్మస్‌కు ఒక్క ఇంటికైనా వెళ్లి ఆ మాట చెప్పండి. చైనా సంఘముకొరకు మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.