నాణెమును చదువనేర్వవలెను

తెలుగు భాషలో నాణెము, నాణ్యము అను పదములు తోబుట్టువులు. నాణెమన్నచో నాణ్యము గలదై యుండవలెనను భావము ఈ పదములలోనే ఇమిడి యున్నది. నాణ్యమును పరీక్షించువానిని మన పూర్వులు షరాబు అనిరి. ఆ మాట అరబ్బీలోని సర్రాఫ్ నుండి వచ్చినది. మంచి నాణెమును ఉర్దూలో ఖరా అనియు, చెడు నాణెమును ఖోటా అనియు అందురు. మన కళాశాలలో ప్రక్కప్రక్కన వినిపించు ఈ రెండు భాషలును ఒకే బుద్ధిని గరపుచున్నవి: పుచ్చుకొనుటకు ముందు పరీక్షింపవలెను.

ఈ బుద్ధి నేడు మనలో సన్నగిల్లినదని మేము తలచుచున్నాము. రెండు ఉదాహరణములు చాలును. పది రూపాయల నాణెములలో కొన్నింటిపై రూపాయి గుర్తు ఉన్నది, కొన్నింటిపై లేదు; బొమ్మలును వేరువేరు. ఈ తేడాను చూచి అనేకులు వాటిని నకిలీవని త్రోసిపుచ్చిరి. ఆ గుర్తు 2011లో మాత్రమే నాణెములపైకి వచ్చినది. అంతకు ముందు ముద్రించిన వాటిపై అది లేకుండుటయే సహజము. తాము అప్పటివరకు 14 నమూనాలలో ఈ నాణెములను విడుదల చేసితిమనియు, అన్నియు చెల్లుననియు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటింపవలసి వచ్చినది. ఇది మొదటి ఉదాహరణము.

ఇక రెండవది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరును 1818 సంవత్సరమును, మరియొకవైపు శ్రీరామ పట్టాభిషేకమో, హనుమంతుడో, లక్ష్మీదేవియో గల రాగి బిళ్లలు ఊరూర అమ్ముడగుచున్నవి. వాటికి బియ్యపు గింజలను ఆకర్షించు మహిమ గలదని నమ్మబలికి, 'రైస్ పుల్లింగ్' పేరున లక్షలు గుంజిన ముఠాలు మన తెలుగు నేలపై పలుమార్లు పట్టుబడినవి. గింజలకు ఇనుప రజను పట్టించి, బిళ్ల చాటున అయస్కాంతమును దాచుటయే ఆ మహిమ. చెల్లు నాణెమును ఖోటా యని త్రోసివేసి, ఖోటా బిళ్లను నిధియని కొనుచున్న వింత ఇది.

దీనికి దురాశయే కారణమని పెద్దలు చెప్పుదురు. అది కొంతవరకే నిజము. దురాశ లేని సేకర్తలును, ముఖ్యముగా క్రొత్తగా ఈ అభిరుచిలో అడుగిడిన విద్యార్థులును మోసపోవుచున్నారు. అసలు కారణము నాణెమును చూచుటయే గాని చదువకుండుట యని మా అభిప్రాయము. నాణెము ఒక చిన్న పత్రము. అందు ఊరు, పాలకుడు, ఏడు, విలువ వ్రాయబడి యుండును. దొంగ ముద్రకుడు బొమ్మను చక్కగా దింపగలడు గాని, ఈ నాలుగింటికిని పొందిక కుదుర్చుటలో తరచుగా తడబడును.

పైన చెప్పిన రాగి బిళ్లనే చదువుదము. ఈ బిళ్లలలో 1616, 1717 సంవత్సరములు గలవియు ఉన్నవి. 1616 నాటికి కంపెనీవారు మచిలీపట్నమున వర్తకశాల తెరచి ఐదేండ్లయినది గాని, చెన్నపట్నపు కోటయే ఇంకను పుట్టలేదు. మూడు రాజధానులకును ఒకే తీరు నాణెములను కంపెనీవారు 1835లో మొదలిడిరి. 1818లో మదరాసు నాణెముల తీరు వేరు, బొంబాయి తీరు వేరు, బంగాళము తీరు వేరు. దేవతామూర్తి ఉన్నంత మాత్రమున కంపెనీ నాణెము కాదనుటయు పొరపాటే; మదరాసులో ముద్రించిన బంగారు వరహాలపై మూర్తులు ఉన్నవి. లోహము, విలువ, సంవత్సరము, వ్రాత అను నాలుగును కలిపి చదివినప్పుడే నిజము బయటపడును.

మన నగరపు చార్మినారు రూపాయి ఈ పాఠమునకు మంచి వాచకము. హిజ్రీ 1321, అనగా 1903–04 ప్రాంతమున, నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలమున యంత్రముపై ముద్రించిన ఈ నాణెములు వెలువడినవి. చార్మినారు ద్వారములో ఒక చిన్న అక్షరము కనిపించును. మహబూబ్ అలీ ఖాన్ నాణెములందు అది మీమ్. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణెములందు అది ఐన్. ఆసఫ్ జాహీ బిరుదముతో పాటు 92 అను అంకె ఉండును. దీనిని చూచి కొందరు సంవత్సరమని భ్రమపడుదురు. అది అబ్జద్ లెక్క. మీమ్ 40, హే 8, మరల మీమ్ 40, దాల్ 4, మొత్తము 92. అది ముహమ్మద్ అను నామము. రెండవ వైపున ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అను ముద్రణ స్థలమును, జులూస్ అనగా పాలనా వర్షమును ఉండును.

ఇక పరీక్ష సులభము. ఉస్మాన్ అలీ ఖాన్ పాలన హిజ్రీ 1329 రంజాను నెలలో ఆరంభమైనది. కావున 1337 సంవత్సరము గల నాణెముపై జులూస్ 8 గాని 9 గాని ఉండవలెను. 5 అని యున్నచో అనుమానింపవలెను. ద్వారమున మీమ్ ఉండి, సంవత్సరము 1340 అయినచో అది అసలు నాణెము కానేరదు. ఈ లెక్కకు భూతద్దము కూడ అక్కరలేదు. ఉర్దూ అంకెలు తెలిసిన చాలును.

బ్రిటిష్ ఇండియా నాణెములలో 1911 నాటి రూపాయి ఇట్టి మరియొక పాఠము. అయిదవ జార్జి మెడలోని హారమున చెక్కిన ఏనుగు, తొండము పొట్టిదగుటచే పందివలె కనబడినది. ముస్లిములు ఆక్షేపించిరి, ప్రభుత్వము ఆ నాణెములను వెనుకకు తీసికొని, 1912లో ఏనుగు బొమ్మను సరిదిద్దినది. పంది రూపాయి యని పేరు పడిన ఆ నాణెమునకు నేడు గిరాకి మెండు. గిరాకి ఉన్నచోట మోసమును ఉండును. 1912 నాణెముపై చివరి అంకెను మార్చి 1911గా చేసినచో అంకె మారును గాని ఏనుగు మారదు. కనుక అంకెను చూచుటకు ముందు ఏనుగును చూడవలెను.

చదువుట ముగిసిన పిదప తూచుట. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి ఒక తులము, అనగా 11.66 గ్రాములు. చార్మినారు రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందు వెండి నూటికి 81.8 పాళ్లు. అరిగిన నాణెము కొంత తేలిక కావచ్చును గాని, నిలువనున్న మెరుగుతో ఒక గ్రాము తక్కువ తూగినచో నమ్మరాదు. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో ఆర్కిమిడీసు సూత్రము చదివిన విద్యార్థి ఇంకొక అడుగు వేయవచ్చును. నాణెమును దారముతో నీటిలో వ్రేలాడదీసి తూచినప్పుడు అది కోల్పోవు బరువును గుర్తింపవలెను. చార్మినారు రూపాయి నీటిలో సుమారు 1.10 గ్రాములు కోల్పోవును. అదే బరువున రాగి, నికెలు కలిపి చేసిన నకిలీ 1.25 గ్రాములు కోల్పోవును. ఈ స్వల్ప భేదమును పట్టుటకు గ్రాములో నూరవ వంతును చూపు త్రాసు కావలెను. అట్టి త్రాసు ప్రయోగశాలలందు లభించును.

తరువాత అంచును పరిశీలింపవలెను. అచ్చుల నడుమ కొట్టిన నాణెమునకు అక్షరముల మూలలు పదునుగా నుండును. మూసలో పోసిన నకిలీకి అక్షరములు మెత్తబడి, మైదానమున సూదిమొన వంటి గుంటలు కనబడును. అంచు చుట్టును అతుకు గీత ఉండవచ్చును, లేదా ఆ గీతను ఆకురాయితో చెరిపిన గురుతు ఉండవచ్చును. దొంగ ముద్రకులకు అంచు కష్టమని ప్రభుత్వమునకును తెలియును. అందుచేతనే 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించినప్పుడు, అంచున ప్రత్యేకమైన గాడిని చేర్చిరి.

కొన్ని పరీక్షలను అతిగా నమ్మరాదు. అయస్కాంతమునకు అంటుకొన్నది వెండి కాదు. కాని అంటుకొననిదెల్ల వెండియు కాదు. రాతిపై మ్రోగించి చూచుట పాత షరాబులకు చెల్లినది గాని, పగులు గల అసలు నాణెమును బొంగురుగనే పలుకును. చింతపండుతోను, ఆమ్లముతోను తోమి మెరిపించుట మంచిది కాదు. దానివలన అసలు నాణెము విలువ చెడును, నకిలీని గుర్తించు సాక్ష్యమును చెరిగిపోవును. పాత రూపాయలపై చిన్నచిన్న ఉలిగాట్లు కనబడినచో వాటిని లోపములుగా ఎంచరాదు. అవి ఒకనాటి షరాబులు పరీక్షించి వేసిన గురుతులు.

ఇది కాలక్షేపపు వ్యసనము, ఒక నకిలీ పెట్టెలో ఉన్నంత మాత్రమున ఎవరికేమి నష్టమని కొందరు మమ్ము అడుగుదురు. నష్టము కలదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణెముల వలన శాతవాహన శిముకుని గూర్చియు, అంతకు ముందు అచ్చట ఏలిన గోబద, సమగోపాదుల గూర్చియు మనకు తెలిసినది. డాక్టరు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటిని పరిశీలించి లోకమునకు తెలిపిరి. ఆ రాజులలో కొందరికి ఆ నాణెములే సాక్ష్యము. అట్టి చోట ఒక దొంగ నాణెము చొరబడినచో ఎన్నడును లేని రాజు చరిత్రలో పుట్టవచ్చును. జహంగీరు పాదుషా 1618 మొదలు ముద్రింపించిన రాశిచక్రపు నాణెములకు పిమ్మట పుట్టిన అనుకరణములు ఇన్నన్ని కావు. ఆ అందమైన నాణెమును చూచిన వెంటనే పండితుడు సైతము మొదట సందేహింపవలసి వచ్చుచున్నది. నకిలీ చేయు పెద్ద కీడు ఇదియే. అది ఒకని సొమ్మును హరించుటతో ఆగదు, అసలు వాని పైనను నమ్మకమును హరించును.

కావున సేకర్తకు కొన్ని కట్టుబాట్లు ఉండవలెనని మేము కోరుచున్నాము. నకిలీయని తేలిన దానిని మరియొకనికి అంటగట్టరాదు. వేరుగా ఉంచి, కాగితముపై నకిలీయని వ్రాసి, క్రొత్తవారికి పాఠముగా చూపవలెను. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ మించినచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. దానిని దాచి అమ్ముటకు సేకరణ యను పేరు చెల్లదు. నూరేండ్లు దాటిన నాణెమును స్వంతముగా విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నిషిద్ధము. పాత నాణెములను కొందుమని, అందులకు ముందుగా రుసుము చెల్లింపుమని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి అడుగువారిని నమ్మరాదు. తమకు అట్టి వ్యవహారముతో సంబంధము లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టముగా తెలిపినది.

అసలును ఎరిగినవానికే నకిలీ తెలియును. పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలోను, 2022లో సైఫాబాదు టంకశాలలో తెరచిన ప్రదర్శనశాలలోను అసలు నాణెములు మన కన్నుల ముందే ఉన్నవి. బజారులో పది నాణెములు కొనుటకు ముందు అచ్చట నూరు నాణెములు చూచుట మేలు.

ఈ పనికి మన కళాశాల కంటె తగిన చోటు అరుదు. ఉర్దూ చదివిన విద్యార్థికి ఆసఫ్ జాహీ రూపాయి విప్పిన పుస్తకము. అతని ప్రక్కన కూర్చున్న తెలుగు విద్యార్థి దానిని చూచి ఇది ఏమి లిపియో యనును. కోటిలింగాల పేరు వినగానే తెలుగు విద్యార్థి కన్నులు వెలుగును. ఉర్దూ విద్యార్థికి అది క్రొత్త మాట. ఒకరికి తెలిసినది మరియొకరికి నేర్పుకొన్ననాడు, ఏ వ్యాపారియు ఈ కళాశాల విద్యార్థిని సులభముగా మోసగింపజాలడు. ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి వారమునకొక గంట ఒక నాణెమును ముందుంచుకొని చదువుకొనుడని మా విన్నపము. దానికి పెట్టుబడి యేమియు అక్కరలేదు. ఒక భూతద్దము, ఒక త్రాసు, రెండు లిపులు చాలును.