తప్పిన కోర్సుకు ఏడాది నిరీక్షణ: మన్యం విద్యార్థులు, పరీక్షా నిబంధనలు

అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో కాఫీ పండ్ల ఏరివేత నవంబరులో మొదలై ఫిబ్రవరి వరకు సాగుతుంది. తోటలోని పండ్లన్నీ ఒక్కసారిగా పండవు. ఎర్రబడిన పండును మాత్రమే ఏరి, పచ్చికాయను కొమ్మకే విడిచి, కొన్ని రోజుల తరువాత మళ్లీ అదే మొక్క దగ్గరకు రావాలి. ఇలా మూడు నాలుగు విడతలు జరుగుతుంది. ఏరిన పండును ఆ రోజే పల్పింగ్ చేయకపోతే పులిసిపోయి పార్చిమెంటు నాణ్యత పడిపోతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎకరమో రెండెకరాలో తోట ఉన్న గిరిజన కుటుంబానికి ఏడాది మొత్తంలో రొక్కం చేతికందే కాలం ఇదే. అందుకే ఆ రోజుల్లో ఇంట్లో నడవగలిగిన ప్రతి ఒక్కరూ తోటలోనే కనిపిస్తారు. వ్యవసాయ పట్టభద్ర కోర్సుల పై తరగతుల్లో మొదటి సెమిస్టరు చివరి వారాలు, ముగింపు పరీక్షలు సాధారణంగా ఈ కాలంలోనే వస్తాయి. కొండ మీది పంచాంగం, కళాశాల పంచాంగం ఈ విధంగా ఢీకొన్నప్పుడు నష్టపోయేది విద్యార్థే.

విశ్వవిద్యాలయ నిబంధనల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు. కనిపించవలసిన అవసరమూ లేదని చాలామంది అధ్యాపకుల అభిప్రాయం. నిబంధన అందరికీ ఒకటే అయినప్పుడు కాఫీ తోట ఉన్నవారికి ఒకటి, వరి పొలం ఉన్నవారికి ఒకటి ఎలా రాస్తారని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయితే నిబంధన అందరికీ ఒకటే అయినా, దానిని మీరినందుకు చెల్లించవలసిన మూల్యం అందరికీ ఒకటేనా అన్నది పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా లెక్క చూడాలి. క్రెడిట్ విధానంలో వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్‌గా, వారానికి రెండు మూడు గంటల ప్రయోగ తరగతి ఒక క్రెడిట్‌గా పరిగణింపబడుతుంది. రెండు పాఠాలు, ఒక ప్రయోగం గల మూడు క్రెడిట్ల కోర్సును తీసుకుందాం. సెమిస్టరు పదహారు వారాలనుకుంటే పాఠాలు 32, ప్రయోగ తరగతులు 16. హాజరు 75 శాతం ఉండాలన్న నియమం ప్రకారం 8 పాఠాలకు, 4 ప్రయోగాలకు మించి తప్పరాదు. అంటే నాలుగు వారాలు వరుసగా ఇంటి దగ్గర ఉండిపోయిన విద్యార్థి సరిగ్గా గీత మీద నిలుస్తాడు. ఆ తరువాత ఒక్కరోజు మలేరియా జ్వరం వచ్చినా గీత దాటినట్లే. బాపట్ల కళాశాలలో చదివే అరకు విద్యార్థికి శని, ఆదివారాల్లో ఇంటికి వెళ్లి రావడం సాధ్యం కాదు. ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం చేరడానికే నూటపది కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. అక్కడినుంచి మిగిలినది మరో రాత్రి రైలు. వెళ్లినవాడు వారం పది రోజులు ఉండక తప్పదు.

హాజరు తగ్గితే చివరి పరీక్షకు అనుమతి ఉండదు. హాజరు ఉండి పరీక్షలో పదికి ఐదు గ్రేడ్ పాయింట్లు రాకపోతే కోర్సు తప్పినట్లు. ఈ రెండూ వేర్వేరు స్థితులు. మొదటివాడు పాఠం వినలేదు. రెండోవాడు విన్నాడు, రాయలేకపోయాడు. కాని ఆచరణలో తరచుగా ఇద్దరికీ ఒకే శిక్ష పడుతున్నది. సెమిస్టరు విధానంలో ఒక కోర్సు ఏడాదికి ఒకసారే నడుస్తుంది. తప్పిన కోర్సు మళ్లీ నడిచేవరకు, అంటే తమ జూనియర్లు ఆ పాఠానికి వచ్చేవరకు ఆగవలసి వస్తున్నది. కొన్ని విశ్వవిద్యాలయాలు పరీక్ష తప్పినవారికి వెంటనే అనుబంధ పరీక్ష పెడుతున్నాయి. కొన్ని తరువాతి సంవత్సరం వారితో కలిపి రాయిస్తున్నాయి. ఈ రెండో పద్ధతే ఇక్కడ చర్చకు రావలసినది.

ఈ విధానం ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు చేసుకోవడం ఉపయోగకరం. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పాటు లభించింది. 1862 నాటి మొరిల్ చట్టంతో పుట్టిన భూదాన కళాశాలల సంప్రదాయం అది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కిందికి రావడం, క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు, పాఠం చెప్పిన అధ్యాపకుడే విద్యార్థిని ఏడాది పొడవునా అంచనా వేయడం, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. కాని ఆ దేశపు విశ్వవిద్యాలయాల్లో వేసవి సెషన్ అనేది ఒకటున్నది. తప్పిన కోర్సును విద్యార్థి సెలవుల్లో చదివి, తన తరగతి వారితో కలిసిపోగలడు. మన దగ్గరికి సెమిస్టరు వచ్చింది, వేసవి సెషన్ వేళ్లూనలేదు. గిత్త ఒకటే ఉన్న కాడి వలె ఆ విధానం ఒక పక్కకు లాగుతూనే ఉన్నది.

వ్యవసాయ శాస్త్రం బోధించేవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. మొక్కజొన్న చేనులో అక్కడక్కడ మొలక రాకపోతే రైతు పోగుంటలు నాటుతాడు. అదీ వారం పది రోజుల్లోపే. ఆలస్యమైతే పక్క మొక్కల నీడ పడి కొత్త మొక్క ఎదగదు. పోగుంటలున్నాయని చేనంతా దున్నేసి వచ్చే ఖరీఫ్ దాకా ఆగమని ఏ విస్తరణాధికారీ సలహా ఇవ్వడు. అదే అధికారిని తయారుచేసే కళాశాలలో మాత్రం ఒక్క కోర్సు మొలవనందుకు ఏడాది ఆగమంటున్నారు. పైగా ఆ ఏడాదిలో విద్యార్థికి కొత్త కోర్సుల భారం యథాతథంగా ఉంటుంది. కీటకశాస్త్రం మొదటి పాఠం తప్పినవాడు దాని మీద ఆధారపడిన సస్యరక్షణ పాఠంలో కూర్చుంటాడు. తప్పిన ఒక్కటి మరొకదానిని తప్పిస్తుంది.

మైదాన ప్రాంతపు విద్యార్థికి కూడా ఇదే జరుగుతుంది కదా అనవచ్చు. జరుగుతుంది. అయితే అతనికి ఒక ఏడాది అదనంగా వసతి ఖర్చు భరించగల ఇల్లు ఉండే అవకాశం ఎక్కువ. గిరిజన విద్యార్థికి అందే బోధన రుసుము, ఉపకారవేతనం కోర్సు కాలపరిమితికి లోబడి ఉంటాయి. నాలుగేళ్ల పట్టా ఐదో ఏటికి జరిగితే ఆ ఐదో ఏడు ఎవరిది? కాఫీ పండ్ల సొమ్ముది. అంటే, తోట పనికోసం పాఠం తప్పినవాడు ఆ తోట ఆదాయంతోనే తప్పిన పాఠానికి మూల్యం చెల్లించాలి.

ఏడాది ఆలస్యం అన్నమాట చిన్నదిగా వినిపిస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఏర్పడి గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులు పెద్ద ఎత్తున వచ్చాయి. 2020లో మరొక ప్రకటన వెలువడింది. ఆ తరువాత అంత పెద్ద నియామకం జరగలేదు. ఆ రెండు ప్రకటనల నాటికి పట్టా లేదా డిప్లొమా చేతిలో ఉన్నవారు ఉద్యోగులయ్యారు; ఒక్క కోర్సు బాకీ ఉన్నవారు అర్హత లేనివారయ్యారు. ఏ ఏడాదిలో తలుపు తెరుచుకుంటుందో విద్యార్థికి ముందుగా తెలియదు.

ఇందులో విశ్వవిద్యాలయానికీ నష్టమున్నది. ఎత్తైన కొండ, గిరిజన మండలం కోసం చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పనిచేస్తున్నది. చోడి, వలిసె, రాజ్‌మా, పసుపు, అల్లం వంటి పంటల మీద అక్కడ జరిగే పని గ్రామానికి చేరాలంటే చెప్పే మనిషి కావాలి. అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట గ్రామాల్లో ఆదివాసీ ఒడియా వ్యవహార భాష. లోపలి కొండల్లో కువి. ఈ భాషల్లో పుట్టి పెరిగి, తెలుగులో బడి చదివి, ఆంగ్లంలో పట్టా పరీక్ష రాసే విద్యార్థి మూడో భాషలోనో నాలుగో భాషలోనో జవాబు రాస్తున్నాడన్నది పరీక్షా పత్రం దిద్దేవారికి తెలియదు, తెలియకూడదు కూడా. కాని ఆ విద్యార్థి పట్టా పొంది ఊరికి తిరిగి వస్తే, విత్తనశుద్ధి గురించి తల్లిభాషలో చెప్పగలిగే వ్యవసాయ సహాయకుడు దొరుకుతాడు. అటువంటివారు ఎందరు దొరుకుతారు? షెడ్యూల్డ్ తెగలకు 6 శాతం సీట్లు కేటాయించే నిబంధన లోపలికి తెస్తుంది. పట్టాతో బయటికి పంపే నిబంధన వేరు. మొదటిదాని లెక్క ప్రతి ఏడూ పత్రికల్లో వస్తుంది. రెండోదాని లెక్క అడిగేవారు తక్కువ.

ప్రమాణాలు తగ్గించాలన్న వాదన ఇక్కడ లేదు. మందు మోతాదు తప్పు చెప్పే వ్యవసాయాధికారి వల్ల నష్టపోయేది కొండ రైతే. గిరిజన విద్యార్థులకు కనికరం మార్కులు వేయడం వారిని గౌరవించడం కాదు. వారి ఊరిని గౌరవించడం అసలే కాదు. పదికి ఐదు అన్న గీత అక్కడే ఉండాలి. జరపవలసినది గీతను కాదు, తేదీని. ఈ తేడాను 2020 ఆగస్టు 28న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కరోనా కాలంలో చివరి సంవత్సరం పరీక్షలు సెప్టెంబరు 30లోగా పూర్తి చేయాలన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆదేశాన్ని సమర్థిస్తూనే, పరిస్థితులు అనుకూలించని రాష్ట్రాలు గడువు పొడిగింపు కోరవచ్చునని, పరీక్ష లేకుండా మాత్రం ఉత్తీర్ణులను చేయరాదని తీర్పు చెప్పింది.

తేదీ మార్చడం మన సంస్థలకు చేతకాని పని కూడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యాసంస్థలు మూతపడ్డాయి. జరగవలసిన పనులన్నీ వెనక్కి జరిగాయి. దానిని ఎవరూ ప్రమాణాల పతనంగా భావించలేదు. అదే తుపాను అరకు కొండల్లో నీడ చెట్లను కూల్చి కాఫీ తోటలను దెబ్బతీసింది. నగరంలో విద్యుత్తు తిరిగి వచ్చింది, కథ ముగిసింది. కొండవాగు పొంగి ఊరికి దారి తెగిపోవడం మాత్రం ప్రతి వర్షాకాలం ఉండేదే. అది విపత్తుల జాబితాలోకి రాదు కాబట్టి హాజరు పట్టికలోకీ రాదు.

హాజరు మినహాయింపు ఉన్నది కదా అన్న సమాధానం వినిపిస్తుంది. అది వైద్య ధ్రువపత్రం మీద ఆధారపడుతుంది. పట్నంలో అటువంటి పత్రం సంపాదించడం ఎంత సులభమో కళాశాలల్లో అందరికీ తెలిసినదే. ఆశా కార్యకర్త రక్తపు చుక్క తీసి మలేరియా మాత్రలిచ్చిన విద్యార్థి దగ్గర చూపడానికి కాగితం ఉండకపోవచ్చు. నిజంగా జబ్బుపడినవాడు నిరూపించలేడు, జబ్బుపడనివాడు నిరూపించగలడు. ఇటువంటి మినహాయింపును నమ్ముకుని కూర్చోవడం కంటే, మినహాయింపు అవసరం లేని మార్గం వెతకడం మేలు.

కొత్త పాఠ్యప్రణాళిక ఒక మార్గం చూపుతున్నట్లు కనిపిస్తుంది, కాని అది కొంత జాగ్రత్తగా చూడవలసిన మార్గం. భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆరో డీన్ల సంఘం సిఫారసుల ప్రకారం ఇప్పుడు విద్యార్థి మొదటి ఏడాది తరువాత సర్టిఫికెట్‌తో, రెండో ఏడాది తరువాత డిప్లొమాతో నిష్క్రమించవచ్చు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు సంపాదించిన క్రెడిట్లను ఏడేళ్ల వరకు నిలుపుతాయి. కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటు. ఆచరణలో రెండు కోర్సులు బాకీ పడిన కొండ విద్యార్థికి ఆ తలుపును మర్యాదగా చూపించే ప్రమాదం ఉన్నది. సర్టిఫికెట్ తీసుకుని తోటకు వెళ్లినవాడు ఏడేళ్లలోపు తిరిగి వస్తాడని ఆశించడానికి ఆధారమేమీ లేదు. తప్పినవాడికి ముందుగా చూపవలసినది మళ్లీ రాసే తేదీ. ఏడేళ్లు క్రెడిట్‌ను దాచగల వ్యవస్థ, పరీక్ష మాత్రమే తప్పిన విద్యార్థి ప్రయోగ తరగతుల హాజరును, అంతర్గత మార్కులను ఆరు వారాలు దాచి, ఒక్క ముగింపు పత్రాన్ని మళ్లీ రాయించలేదా?

హాజరు తగ్గినవారి సంగతి వేరు. వారికి పరీక్ష కాదు, పాఠం కావాలి. ఇందుకు వేసవి తరగతి తప్ప మరో దారి లేదు. మైదానంలోని కళాశాలలు మే నెలలో ఎండకు మాడుతున్నప్పుడు చింతపల్లిలో వాతావరణం చల్లగా ఉంటుంది. పరిశోధన క్షేత్రం ఉన్నది, శాస్త్రవేత్తలు ఉన్నారు. రోజుకు ఎక్కువ గంటలు కూర్చుంటే మూడు క్రెడిట్ల కోర్సులో 32 పాఠాలు, 16 ప్రయోగాలు ఐదారు వారాల్లో పూర్తవుతాయి. మైదానపు విద్యార్థికీ ఇందులో చోటు ఉండాలి; గిరిజనులకు మాత్రమే అంటే దాని మీద వెనుకబాటు ముద్ర పడుతుంది. ఏప్రిల్‌లో ఇటుకల పండుగ ముగిసిన తరువాత మొదలుపెట్టడం మంచిది. పండుగ రోజుల్లో ఊరు విడిచి ఎవరూ రారు.

ఖర్చు సంగతి దాచనవసరం లేదు. అధ్యాపకులకు సెలవు పోతుంది, దానికి ప్రతిఫలం ఇవ్వాలి. ఖాళీ పోస్టుల వల్ల ఇప్పటికే ఒక్కొక్కరు మూడు నాలుగు కోర్సులు మోస్తున్నచోట వేసవి తరగతికి ఎవరు ముందుకు వస్తారన్నది నిజమైన ఇబ్బంది. వసతికి గదులు చూడాలి, భోజనశాల నడపాలి. అన్ని కోర్సులూ ఒకేసారి సాధ్యం కావు. ఎక్కువమంది తప్పుతున్న నాలుగైదు మౌలిక కోర్సులతో ప్రారంభించవచ్చు. అవి ఏవో పరీక్షల విభాగం రికార్డుల్లోనే ఉంటుంది. ఏ జిల్లా విద్యార్థులు ఏ కోర్సులో, హాజరు వల్లనా మార్కుల వల్లనా తప్పారో వేరు చేసి చూపే పట్టిక ఒకటి తయారైతే, అకడమిక్ కౌన్సిల్ ముందుకు చర్చ ఊహలతో కాక లెక్కలతో వస్తుంది. ఆ పట్టిక తయారుచేయడానికి కొత్త నిబంధన ఏదీ అవసరం లేదు. జనవరిలో ఫలితాలు వెలువడే వారంలోనే, అరకులో రెండో మూడో విడత ఏరివేత సాగుతుండగా, ఆ పని మొదలుపెట్టవచ్చు.